విశాఖలో ఏ పేట ఎటు మొగ్గిందో తేల్చడం ఎలా? బూత్ లెక్కకు సమగ్ర మార్గదర్శి

ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ నాకు ఒకే తరహా ప్రశ్నలు వస్తాయి. ‘మా వార్డులో ఫలానా కులం వాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, ఓట్లు అటు ఎందుకు పడలేదు?’, ‘మా కాలనీలో అందరూ చదువుకున్నవాళ్లే, పోలింగ్ మాత్రం ఎందుకు తక్కువ?’ అని. జర్నలిజం విద్యార్థులు, కాలనీ సంఘాల పెద్దలు, మొదటిసారి వార్డుకు పోటీ చేయాలనుకునే యువకులు అడుగుతుంటారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు పని మొత్తాన్ని వరసగా ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క ఉదాహరణ మనసులో పెట్టుకోండి. విశాఖ లోక్‌సభ స్థానంలో 2019లో తెలుగుదేశం అభ్యర్థి శ్రీభరత్ 4,414 ఓట్ల తేడాతో ఓడారు. 2024లో అదే అభ్యర్థి అదే స్థానంలో 5,04,247 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఈ అయిదేళ్లలో విశాఖలో కులాలు, వృత్తులు, వయసులు అంతగా మారిపోలేదు. జనాభా స్వరూపం ఒక్కటే ఓటును నిర్ణయిస్తే ఇది జరగకూడదు. అందుకే జనాభా లెక్క చూసి ఓటు చెప్పేయడం కాకుండా, ఏ రకం పేటలో ఓటు ఎంత కదిలిందో, ఎందరు కదిలి వచ్చారో చూడటం మన పని.

1. ప్రశ్నను రెండుగా చీల్చండి

ఎవరు ఓటేయడానికి వచ్చారు అన్నది ఒక ప్రశ్న. వచ్చినవాళ్లు ఎవరికి వేశారు అన్నది మరొకటి. రెండింటినీ ఒకే పట్టికలో కలిపేస్తే పోలింగ్ తగ్గడం వల్ల పోయిన ఓట్లు, మనసు మారడం వల్ల పోయిన ఓట్లు ఒకేలా కనిపిస్తాయి. కాగితం మీద రెండు వరుసలు గీసి, చివరి వరకూ విడిగానే నడపండి.

2. సామగ్రి సిద్ధం చేసుకోండి

కావలసినవి ఇవి:

☐ ఫారం 20: ప్రతి పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో, నోటాకు ఎన్ని పడ్డాయో చెప్పే తుది ఫలితాల పత్రం. మన రాష్ట్రంలో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు ఒకే రోజు జరుగుతున్నాయి కాబట్టి ప్రతి సెగ్మెంటుకు (అంటే లోక్‌సభ స్థానం కిందికి వచ్చే ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గానికి) రెండు పత్రాలు ఉంటాయి. రెండూ తీసుకోండి.
☐ ఓటర్ల జాబితా: భాగాల వారీగా. ప్రతి భాగం మొదటి పేజీలో పోలింగ్ కేంద్రం చిరునామా, దాని కిందికి వచ్చే వీధులు, పురుషులు, మహిళలు, మొత్తం ఓటర్ల సంఖ్య ఉంటాయి.
☐ 2011 జనగణన వార్డు పట్టికలు: జనాభా, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవారు.
☐ నగరపాలక సంస్థ వార్డుల పటం.
☐ ఒక మందపాటి నోటుపుస్తకం. దీని అవసరం నాలుగో అంచెలో తెలుస్తుంది.

ఓటర్ల జాబితాలో కులం, మతం, ఆదాయం ఉండవు. 2011 జనగణనలో బీసీ కులాల లెక్క లేదు. ‘మా నియోజకవర్గంలో ఫలానా కులం ఓట్లు 42 వేలు’ అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. చాలాసార్లు అది ఒక పార్టీ కార్యకర్త అంచనా నుంచి ఇంకో పార్టీ కార్యకర్త అంచనాకు పాకిన సంఖ్యే.

3. సరిహద్దులు సరిచూసుకోండి

విశాఖలో నాలుగు రకాల గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

లోక్‌సభ స్థానంలో ఏడు సెగ్మెంట్లు: శృంగవరపుకోట, భీమిలి, విశాఖ తూర్పు, దక్షిణ, ఉత్తర, పశ్చిమ, గాజువాక. వీటిలో శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉంది. పెందుర్తి వాసి రోజూ నగరంలోనే పనిచేసుకుంటాడు, కానీ అతని లోక్‌సభ ఓటు అనకాపల్లికి వెళుతుంది.

2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది. ఆ తేదీకి ముందున్న ‘విశాఖ జిల్లా’ పోలింగ్ శాతంలో పాడేరు, అరకు కూడా కలిసే ఉన్నాయి. దాన్ని ఇప్పటి జిల్లాతో పోల్చకండి.

నగరపాలక సంస్థకు 2021లో ఎన్నికలు జరిగింది 98 వార్డులతో. జనగణన జరిగిన 2011లో వార్డులు ఇన్ని లేవు, గీతలూ ఇవి కావు. అంటే జనగణన వార్డు 20, నేటి వార్డు 20 ఒకటి కావు. ఈ ఒక్క పొరపాటుతో మొత్తం పని పాడైన పట్టికలు నేను చాలా చూశాను.

4. బూత్‌ను వీధితో ముడిపెట్టండి

ఇదే అన్నిటికన్నా పెద్ద పని. సగం సమయం దీనికే కేటాయించండి.

భాగం మొదటి పేజీలోని వీధుల పేర్లను నోటుపుస్తకంలో రాసుకుని, ఆ వీధుల్లో నడవండి. కంప్యూటర్‌లో పటం చూసి తృప్తిపడకండి. ఒకసారి అక్కయ్యపాలెం వైపు ఒక భాగం తీసుకుని నడిచాను. కాగితం మీద అదంతా ఒకే ప్రాంతం. వీధి మొదట్లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ, కార్ల మీద కప్పిన గుడ్డలు. వీధి చివరికి వెళితే మెట్లు మొదలయ్యాయి. కొండవాలు మీద రేకుల ఇళ్లు, మెట్టు మెట్టుకూ నీళ్ల బిందెలు, ఒకే ఇంటి నంబరు మీద మూడు కుటుంబాలు. రెండు చోట్ల వాళ్లూ ఒకే పాఠశాలలో, ఒకే గదిలో ఓటేస్తారు. ఆ బూత్‌ను ‘మధ్యతరగతి కాలనీ’ అని రాసుకుని ఉంటే నా లెక్క సగం అబద్ధమయ్యేది.

నడిచేటప్పుడు రాసుకోవలసినవి:

☐ ఇళ్ల రకం: సొంత ఇల్లు, అపార్ట్‌మెంటు, క్వార్టర్స్, రేకుల ఇల్లు
☐ అద్దెకున్నవారు ఎక్కువా, తాతల నాటి నుంచి ఉన్నవారు ఎక్కువా
☐ ఎక్కువమంది బతుకుతెరువు ఏమిటి
☐ పోలింగ్ కేంద్రం ఎంత దూరం, మధ్యలో పెద్ద రోడ్డు గానీ రైల్వే గేటు గానీ ఉందా

తర్వాత పాత ఎన్నికతో జత చేయడం. బూత్ నంబర్లు ఒక ఎన్నిక నుంచి మరో ఎన్నికకు మారతాయి. ఓటర్లు పెరిగితే బూత్‌ను చీలుస్తారు, భవనం పాడైతే వేరే చోటికి మారుస్తారు. ఒక్కో బూత్‌కు గరిష్ఠంగా 1,500 మంది ఉండేవారు, 2025లో ఎన్నికల సంఘం ఆ పరిమితిని 1,200కు తగ్గించింది. కాబట్టి వచ్చే ఎన్నికలో కొత్త నంబర్లు చాలా వస్తాయి. నంబరుతో కాకుండా వీధుల పేర్లతో జత చేయండి. జత కుదరకపోతే ఒకే భవనంలోని బూత్‌లన్నిటినీ కలిపి ఒక గుంపుగా చూడండి. అలా చూస్తే సూక్ష్మత కొంత పోతుంది, కానీ తప్పు దొర్లదు.

పాత జాబితాలు అడిగినప్పుడల్లా దొరకవు. ఇప్పుడు అందుబాటులో ఉన్నదాన్ని ఇవాళే భద్రపరచుకోండి.

5. హారాన్ని శుభ్రం చేయండి

పోలింగ్ శాతం అంటే పోలైన ఓట్లను జాబితాలోని ఓటర్లతో భాగించడం. లవం, అంటే పోలైన ఓట్లు, దాదాపు ఖచ్చితంగా ఉంటుంది. తేడా అంతా హారంలోనే, అంటే జాబితాలోని పేర్ల సంఖ్యలోనే.

ఒక బూత్ జాబితాలో 1,150 పేర్లు, పోలైనవి 690 ఓట్లు అనుకుందాం. శాతం 60. ‘చదువుకున్నవాళ్లకు బద్ధకం’ అని వెంటనే తీర్పు చెప్పేస్తారు. బూత్ స్థాయి అధికారితో కూర్చుని జాబితా చూస్తే చనిపోయినవారు, ఇల్లు మారినవారు, రెండు చోట్ల నమోదైనవారు కలిపి 140 మంది తేలారనుకోండి. హారం 1,010 అవుతుంది, శాతం 68 దాటుతుంది. ఎనిమిది శాతం బద్ధకం ఒక్క సవరణతో మాయమైంది.

విశాఖలో ఇది ఎక్కడ ఎక్కువో ముందే ఊహించవచ్చు. నౌకాదళం, రైల్వే, ఓడరేవు క్వార్టర్లలో బదిలీలు సహజం. మధురవాడ వైపు అద్దె అపార్ట్‌మెంట్లలో కుర్రాళ్లు ఏడాదికోసారి ఇల్లు మారుతుంటారు. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల వసతిగృహాల సంగతీ అంతే. పాత పట్నంలో, జాలరి పేటల్లో పేర్లు అంతగా కదలవు. అంటే స్థిరంగా ఉండే పేటల్లో శాతం సహజంగానే ఎక్కువగా కనిపిస్తుంది.

మరో చిక్కు, పోస్టల్ బ్యాలట్లు బూత్ వారీగా రావు. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు, 2024లో ఇంటి నుంచే ఓటేసిన 85 ఏళ్లు దాటిన వృద్ధులు ఆ బూత్ లెక్కలో కనిపించరు. ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఎక్కువగా ఉన్న కాలనీలో ఇది శాతాన్ని కొంత కిందికి లాగుతుంది.

6. పోలింగ్ రోజును క్యాలెండర్‌లో చూడండి

ఈ అంచెను దాదాపు అందరూ వదిలేస్తారు. నాకు మాత్రం ఎక్కువ జవాబులు ఇక్కడే దొరికాయి.

2019లో పోలింగ్ ఏప్రిల్ 11, గురువారం. 2024లో మే 13, సోమవారం. తూర్పు తీరంలో సముద్రంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది. అంటే 2019లో పోలింగ్ నాటికి మరపడవలకు వేట కాలమే, 2024లో అవి రేవులో కట్టి ఉన్నాయి. పెదజాలారిపేట లాంటి చోట రెండు ఎన్నికల పోలింగ్‌ను పోల్చేటప్పుడు, మత్స్యకారుల్లో ఉత్సాహం పెరిగిందా, లేక మగవాళ్లు ఇంటి దగ్గర ఉండటమే కారణమా అన్నది ముందు అడగాలి. పడవ మీద పనిచేసిన నలుగురిని అడిగితే తెలిసిపోతుంది.

అలాగే 2024 మే 11 రెండో శనివారం, 12 ఆదివారం, 13 పోలింగ్. వరసగా మూడు రోజులు సెలవు. నగరంలో పనిచేసే శ్రీకాకుళం, విజయనగరం వాళ్లలో చాలామందికి ఓటు సొంత ఊళ్లోనే ఉంటుంది. పోలింగ్‌కు ముందు రోజు సాయంత్రం ద్వారకా బస్‌స్టేషన్‌లో నిలబడితే చాలు. పిల్లల్ని భుజాన వేసుకుని, పలాస, రాజాం బస్సుల కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసి సీట్లు పట్టుకునే వాళ్లను చూస్తే, నగరంలో పోలింగ్ తక్కువ కావడమంటే ఓటు మీద ఆసక్తి లేకపోవడమే కాదని అర్థమవుతుంది. వాళ్ల పేరు ఇక్కడి జాబితాలో కూడా ఉంటే ఇక్కడి శాతం తగ్గుతుంది, అక్కడి శాతం పెరుగుతుంది.

7. బూత్‌లను రకాలుగా విడదీయండి

కులం పేరుతో విడదీయకండి. ఇంటిపేరు చూసి కులం ఊహించడం అస్సలు వద్దు, ఉత్తరాంధ్రలో ఒకే ఇంటిపేరు అనేక కులాల్లో ఉంటుంది. నివాసం, బతుకుతెరువు ఆధారంగా విడదీస్తే మీరు కళ్లతో చూసినదాన్నే రాసినట్టవుతుంది. నేను వాడే రకాలు:

• జాలరి పేటలు, హార్బర్ చుట్టుపక్కల
• పాత పట్నం, పూర్ణామార్కెట్ లాంటి వ్యాపార వీధులు
• కొండవాలు కాలనీలు
• ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల క్వార్టర్లు
• సొంత ఇళ్ల మధ్యతరగతి కాలనీలు
• కొత్త అపార్ట్‌మెంట్లు
• నగరంలో విలీనమైన పల్లెలు
• ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చిన నిర్వాసితుల కాలనీలు

చివరి రకాన్ని గాజువాకలో క్వార్టర్లతో కలపకండి. ఒకరు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ క్వార్టర్‌లో ఉన్నారు. మరొకరు ఆ కర్మాగారానికి భూమి ఇచ్చి ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం తెలిపినప్పుడు ఇద్దరూ రోడ్డెక్కారు, కానీ ఇద్దరి బాధా ఒకటి కాదు. ఓటు కూడా ఒకటిగా ఉండాల్సిన పనిలేదు.

ఏ రకంలోకీ రాని బూత్‌లు తప్పక ఉంటాయి. వాటిని ‘మిశ్రమం’ అని రాయండి. బలవంతంగా ఇరికించకండి.

8. మొగ్గును లెక్కించండి

ముందుగా పొత్తుల పట్టిక రాసుకోండి. 2014లో తెలుగుదేశం, బీజేపీ కలిసి పోటీచేశాయి. 2019లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ వేర్వేరుగా నిలిచాయి. 2024లో మూడూ కలిశాయి. 2024లో దక్షిణంలో జనసేన, ఉత్తరంలో బీజేపీ అభ్యర్థులు గెలిచారు. ఆ రెండు చోట్లా ‘తెలుగుదేశం ఓటు సున్నా అయింది’ అని రాస్తే అర్థం లేదు. అలాగని 2019 నాటి మూడు పార్టీల ఓట్లనూ కూడి ‘అప్పుడే ఇంత బలం ఉంది’ అనడమూ సరికాదు. ఆనాడు లోక్‌సభకు జనసేన తరఫున పోటీచేసిన లక్ష్మీనారాయణకు 2.88 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. వాటిలో ఎన్ని పార్టీవి, ఎన్ని మనిషిని చూసి వేసినవి అన్నది ఆ సంఖ్య చెప్పదు.

మనిషిని చూసి వేసే ఓటును పట్టుకోవడానికి ఒక మంచి మార్గం ఉంది. ఒకే బూత్‌లో ఒకే రోజు పడిన ఎమ్మెల్యే ఓటు, ఎంపీ ఓటు పక్కపక్కన పెట్టండి. 2019లో తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ సెగ్మెంట్లు నాలుగింటిలోనూ తెలుగుదేశం ఎమ్మెల్యేలే గెలిచారు. ఎంపీ సీటు మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లింది. రెండు ఓట్ల మధ్య తేడా ఎక్కువగా ఉన్న బూత్‌లు ఏ రకానివో చూస్తే, ఆ పేటల్లో పార్టీ కన్నా అభ్యర్థి పరిచయం ఎంత పనిచేసిందో బయటపడుతుంది.

నగరపాలక ఎన్నికను ఈ పట్టికలో కలపకండి, పక్కన పెట్టి పోల్చండి. 2021 మార్చిలో 98 వార్డుల్లో వైఎస్సార్ కాంగ్రెస్ 58, తెలుగుదేశం 30 గెలిచాయి. అది కార్పొరేటర్‌ను ఎన్నుకునే ఓటు. వీధి దీపం, మంచినీటి కుళాయి, పక్కింటి మనిషి అక్కడ ఎక్కువ లెక్కకు వస్తాయి.

9. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టండి

ప్రతి రకానికీ నాలుగు అంకెలు చాలు: సవరించిన పోలింగ్ శాతం, ప్రధాన పార్టీల ఓట్ల శాతాలు, గత ఎన్నిక నుంచి మార్పు, ఆ రకంలో అత్యధిక, అత్యల్ప బూత్‌ల మధ్య అంతరం.

నాలుగో అంకెను అశ్రద్ధ చేయకండి. కొండవాలు కాలనీల సగటు ఒక పార్టీకి 52 శాతం అనుకుందాం. బూత్‌లు 30 నుంచి 75 వరకు చెదిరి ఉంటే ఆ సగటుతో ఏమీ చెప్పలేం. 48 నుంచి 56 మధ్య గుమిగూడి ఉంటే అప్పుడు నిజంగా ఒక తీరు ఉన్నట్టు.

ఇక అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు. ఒక బూత్‌లో 40 శాతం మత్స్యకారులు, ఒక పార్టీకి 40 శాతం ఓట్లు. వెంటనే ‘మత్స్యకారులంతా ఆ పార్టీకే వేశారు’ అని రాస్తారు. ఆ 40 శాతం ఓట్లు పూర్తిగా మిగతా 60 శాతం మంది నుంచే వచ్చి ఉండవచ్చు. బూత్ మొత్తం సంఖ్య మనుషుల మనసు చెప్పదు. అందుకని వాక్యాన్ని మార్చండి: ‘మత్స్యకారులు ఎక్కువగా ఉన్న బూత్‌లలో ఆ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చాయి’ అనండి. మనుషుల గురించి చెప్పాలంటే మనుషుల్నే అడగాలి.

మహిళల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఫారం 20లో స్త్రీ పురుషుల పోలింగ్ విడిగా ఉండదు. నియోజకవర్గ స్థాయిలో దొరుకుతుంది. ఆ అంకెను బూత్‌కు అంటించకండి.

10. పేటకు వెళ్లి అడగండి

ప్రతి రకం నుంచి రెండు మూడు బూత్‌లు ఎంచుకోండి. జాబితాలో వరసగా ప్రతి నలభయ్యో పేరు తీసుకుని ఆ ఇంటికే వెళ్లండి. టీ కొట్టు దగ్గర దొరికినవాళ్లను అడిగితే ఖాళీగా ఉన్న మగవాళ్ల అభిప్రాయమే వస్తుంది. ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లినవారు, ఇళ్లలో పనికి వెళ్లిన మహిళలు దొరకాలంటే రాత్రి ఏడు తర్వాత వెళ్లాలి.

☐ ముందు ఓటేశారా అని అడగండి. వేయనివాళ్లూ వేశామంటారు, మొహమాటం. అందుకని ‘ఆ రోజు కుదిరిందా, ఏమైనా అడ్డం వచ్చిందా’ అని అడగండి.
☐ ఎవరికి వేశారో నోటితో అడగవద్దు. గుర్తులున్న చీటీ ఇచ్చి, మడిచి డబ్బాలో వేయమనండి.
☐ ఇంట్లో అందరి తరఫునా పెద్దాయన జవాబు చెబితే, ‘అమ్మగారిని కూడా అడగాలండీ’ అని నెమ్మదిగా చెప్పి విడిగా తీసుకోండి.
☐ అన్ని దశల పోలింగ్ ముగిసి అరగంట దాటేదాకా ఎగ్జిట్ పోల్ అంకెలేవీ బయట పెట్టకూడదు, అది చట్టం.

11. ప్రచురించే ముందు

☐ ప్రతి బూత్‌లో అభ్యర్థుల ఓట్లు, నోటా కూడితే మొత్తం సరిపోతోందా? స్కాన్ చేసిన పత్రాల్లో 3, 8 తారుమారవుతాయి.
☐ శాతం పక్కన ఓట్ల సంఖ్య రాశారా? 1,200 మంది ఉన్న కాలనీలో 55 శాతం అంటే 660 ఓట్లు. 900 మంది ఉన్న కొండవాలులో 78 శాతం అంటే 702. ఫలితాన్ని నిర్ణయించేది శాతం కాదు, ఓట్ల సంఖ్య.
☐ సవరణకు ముందు, తర్వాత పోలింగ్ శాతాలు రెండూ చూపారా?
☐ ఇళ్ల నంబర్లు, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశారా? చిన్న బూత్‌ను పక్క బూత్‌తో కలిపారా? ఓటు రహస్యం. ‘ఈ వీధి మాకు వేయలేదు’ అని ఎవరైనా వేలెత్తి చూపడానికి మీ పట్టిక పనికిరాకూడదు. అలా పనికొచ్చే అవకాశం కాస్త ఉన్నా ఆ పట్టికను బయట పెట్టకండి.
☐ సరిహద్దుల నోటుపుస్తకాన్ని స్కాన్ చేసి దాచారా? 2027 జనగణనలో కుల గణన కూడా ఉంటుంది. ఆ అంకెలు వచ్చిన రోజున, ఏ వీధి ఏ బూత్‌లో ఉండేదో రాసి పెట్టుకున్నవాళ్లకే అవి అక్కరకొస్తాయి.